రక్తంలో బ్యాక్టీరియా ఉన్న ఎలుక ఎందుకు చావదు? మనం భయపడాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అడవి ఎలుకల్ని పట్టి రక్తం పరీక్ష చేస్తే చాలావాటిలో బ్యాక్టీరియా దొరుకుతుందని చదివారు. మనిషి రక్తంలో బ్యాక్టీరియా ఉందంటే సెప్సిస్ అని ఐసీయూలో పెడతారు కదా, మరి అవి చావకుండా ఎలా తిరుగుతున్నాయి, పొలం పక్కనే మా ఇల్లు, ఇంట్లో ఎలుకలు, వాటిని నోట కరుచుకొచ్చే పిల్లి పిల్ల ఒకటి, మేం టెన్షన్ పడాలా అని.

టెన్షన్ సంగతి చివర్లో చెప్తాను. నేను డాక్టర్ని కాదు, జంతుశాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఇంగ్లండ్‌లో చదివే రోజుల్లో ఒక సీజన్ కీల్డర్ అడవిలో ఫీల్డ్ అసిస్టెంట్‌గా పనిచేశాను, అక్కడ చేసిన పని సరిగ్గా ఇదే, చిన్న జంతువుల్ని పట్టడం, చుక్క రక్తం తీయడం, వదిలేయడం.

కీల్డర్ అంటే స్కాట్లాండ్ సరిహద్దుకి ఆనుకుని నార్తంబర్లాండ్‌లో ఉన్న అడవి. అడవి అంటే మన నల్లమల లాంటిది ఊహించుకోకండి, 1920లలో మొదలుపెట్టి మనుషులు నాటిన స్ప్రూస్ చెట్ల తోట అది, సుమారు 600 చదరపు కిలోమీటర్లు. చెట్లు నరికేసిన చోటల్లా కొన్నేళ్లపాటు గడ్డి పెరుగుతుంది, ఆ గడ్డిలో ఫీల్డ్ వోల్ అనే చిన్న జంతువు బతుకుతుంది. మన చిట్టెలుక కంటే బొద్దుగా, పొట్టి తోకతో, గడ్డి తిని బతికేది, పెద్దదైనా 40 గ్రాములు దాటడం తక్కువ. మూడు నాలుగేళ్లకోసారి వీటి సంఖ్య విపరీతంగా పెరిగి మళ్లీ పడిపోతుంది, అందుకే ఎంతోమంది పరిశోధకులు ఏళ్ల తరబడి ఆ అడవినే పట్టుకుని కూర్చున్నారు.

పని ఏమంత గొప్పగా ఉండదు. గడ్డిలో అవి నడిచే సన్నటి దారులు ఉంటాయి, ఆ దారుల మీద స్వీడన్‌లో తయారయ్యే ఉగ్లాన్ బోన్లు పెట్టి, లోపల గింజలు, క్యారెట్ ముక్క, కాస్త ఎండుగడ్డి వేయాలి, లేకపోతే చలికి రాత్రికి రాత్రే చచ్చిపోతాయి. పొద్దున్నే వెళ్లి దొరికినదాన్ని సంచిలోకి దించి తూచాలి, ఆడా మగా, కడుపుతో ఉందా చూడాలి, బొచ్చు దువ్వి ఎన్ని ఫ్లీలు ఉన్నాయో, ఎన్ని పిడుదులు ఉన్నాయో లెక్క రాయాలి, తోక చివర నుంచి చుక్క రక్తం తీయాలి. చర్మం కింద బియ్యం గింజంత చిప్ పెడతారు, వచ్చే నెల అదే వోల్ మళ్లీ దొరికితే స్కానర్‌లో నంబర్ వస్తుంది. వాన ఆగదు, వాన ఆగిందంటే మిడ్జ్‌లనే కుట్టే చిన్న పురుగులు మొహం మీద ముసురుతాయి, వాటి ముందు మన గోదావరి జిల్లా దోమలు మర్యాదస్తులు.

(ఫ్లీ అంటే తెలియనివాళ్లకి: కుక్కల, పిల్లుల బొచ్చులో గెంతుతూ కనిపించే రెక్కల్లేని చిన్న పురుగు. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఈ కథలో ఎలుక కంటే దీనిదే పెద్ద పాత్ర.)

అక్కడ నాకు మొదట వింతగా అనిపించింది మీకొచ్చిన సందేహమే. చేతిలో పట్టుకుంటే వేలు కొరికేసేంత హుషారుగా, కడుపులో పిల్లలతో, మంచి బరువున్న వోల్‌కి ల్యాబ్ రిపోర్టులో ‘బార్టొనెల్లా పాజిటివ్’ అని, అంటే రక్తంలో బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందని వస్తుంది. మరుసటి నెల అదే వోల్ మళ్లీ దొరుకుతుంది, అప్పుడూ బాగానే ఉంటుంది.

ముందు సెప్సిస్ గురించి ఒక మాట. సెప్సిస్ అంటే రక్తంలో బ్యాక్టీరియా ఉండటం కాదు. ఇన్ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించి తన అవయవాల్నే దెబ్బతీసుకోవడం. రక్తంలో బ్యాక్టీరియా లేకుండానే సెప్సిస్ రావచ్చు, బ్యాక్టీరియా ఉండీ సెప్సిస్ రాకపోనూ వచ్చు. అడవి ఎలుక జాతుల్లో ఈ రెండో పరిస్థితి మామూలు విషయం. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పట్టిన ఎలుక జాతి జంతువుల రక్తం నుంచి బార్టొనెల్లాని పెంచి చూసిన ఒక అధ్యయనం 1997లో వచ్చింది, అందులో సుమారు 42 శాతంలో దొరికింది. అవన్నీ జబ్బుపడి మూలుగుతున్న జంతువులు కావు.

ఈ బార్టొనెల్లా కొత్తదేం కాదు. 1905లో గ్రాహం-స్మిత్ అనే ఆయన ఇంగ్లండ్‌లో నేల తవ్వుకుని బతికే మోల్ అనే జంతువు ఎర్ర రక్తకణాల్లో సన్నటి కడ్డీల్లాంటివి చూశాడు. అదే ఏడాది పెరూలో అల్బెర్టో బార్టన్ అనే డాక్టర్ ఒరోయా జ్వరంతో ఉన్న రోగుల రక్తకణాల్లో అలాంటివే చూసి, 1909లో ప్రకటించాడు. అంతకు ముందే, 1885లో, అదే పెరూలో డానియల్ కారియన్ అనే మెడికల్ స్టూడెంట్ ఆ జబ్బు సంగతి తేల్చాలని రోగి ఒంటి మీది పులిపిరి నుంచి తీసిన ద్రవం తన చేతిలోకి ఎక్కించుకుని చనిపోయాడు. మోల్‌లో దొరికినదీ పెరూ రోగుల్లో దొరికినదీ ఒకే కుటుంబం అని తేల్చి ఒకే పేరు కిందకి తేవడానికి మాత్రం 1995 దాకా పట్టింది. ఒకటి మనుషుల్ని చంపేది, ఇంకొకటి మోల్‌కి ఏమీ చేయనట్టు కనిపించేది, రెండూ ఎర్ర కణాల్లోనే కాపురం.

ఎర్ర కణంలో ఎందుకు? ఇక్కడే అసలు తెలివి ఉంది. శరీరంలో మామూలు కణంలోకి శత్రువు దూరితే ఆ కణం తన పైపొర మీద దాని ముక్కలు పెట్టి రక్షణ వ్యవస్థకి చూపిస్తుంది, వచ్చి నన్ను చంపండి అన్నట్టు. పాలిచ్చే జంతువుల ఎర్ర కణానికి కేంద్రకం ఉండదు, ఈ చూపించే ఏర్పాటూ ఉండదు. వాచ్‌మన్ లేని ఖాళీ ఇల్లు అది. యాంటీబాడీలు బయట రక్తంలో తిరిగే బ్యాక్టీరియాని పట్టుకోగలవు గానీ కణం లోపల ఉన్నదాన్ని ముట్టుకోలేవు.

ల్యాబ్ ఎలుకల్లో బార్టొనెల్లా ట్రైబోకోరమ్ అనే జాతి ఎక్కించి చూసిన పని ఒకటి 2001లో వచ్చింది, అది చదివినప్పుడు నాకు మతిపోయింది. ఎక్కించిన కాసేపటికే బ్యాక్టీరియా రక్తంలోంచి మాయమైపోతుంది, ఎక్కడో లోపల దాక్కుంటుంది. అయిదో రోజుకి మళ్లీ రక్తంలోకి వచ్చి ఎర్ర కణాల్లోకి దూరుతుంది. లోపల కొన్ని రోజులు పెరుగుతుంది, ఒక్కో కణంలో కొన్ని మాత్రమే, ఒక స్థాయికి రాగానే ఇక పెరగడం ఆపేస్తుంది. కణం పగలదు. ఆ కణం ఆయుష్షు ఉన్నంత కాలం దానితోపాటే ఒళ్లంతా తిరుగుతూ ఉంటుంది. ఇలా మొత్తం పది వారాల దాకా రక్తంలో ఉంటుంది. అక్కడ ఆగడం అనేదే దాని బతుకుదెరువు, కణాన్ని పగలగొడితే రక్షణ వ్యవస్థ మేలుకుంటుంది, జంతువు నీరసించి చస్తే దాని రక్తం తాగే ఫ్లీ కూడా ఉండదు.

ఫ్లీ ఎలా మోస్తుందంటే, రక్తంతోపాటు బ్యాక్టీరియా దాని పేగుల్లోకి వెళ్తుంది, అక్కడ పెరిగి రెట్టలో బయటికి వస్తుంది. ఒంటి మీద పడిన ఆ రెట్టని జంతువు గోక్కున్నప్పుడు గీత పడిన చోట నుంచి లోపలికి వెళ్తుంది. కుట్టడం కంటే గోక్కోవడమే దారి అన్నమాట. ఫ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి రక్తంలో కొద్దికొద్దిగా ఎక్కువ కాలం ఉంటేనే దీనికి లాభం.

ఇప్పుడు దీని పక్కన ప్లేగు పెట్టి చూడండి. అదీ ఎలుక రక్తంలో ఉండే బ్యాక్టీరియానే, అదీ ఫ్లీ ద్వారానే పాకుతుంది. కానీ ఫ్లీ తాగే రక్తం బొట్టులో వందో వంతు కూడా ఉండదు, దానిలో ప్లేగు క్రిమి నిలదొక్కుకోవాలంటే ఒక్కో మిల్లీలీటరు రక్తంలో ఆ క్రిములు కోట్లకు చేరాలి. అంత చేరితే మామూలు ఎలుక బతకదు. చచ్చిన ఎలుక ఒళ్లు చల్లబడగానే ఫ్లీలు దిగి ఇంకో వెచ్చటి ఒంటిని వెతుక్కుంటాయి, అది మనిషిదైనా సరే. ఫ్లీయే దీన్ని మోస్తోందని 1898లో కరాచీలో పనిచేస్తున్న పాల్-లూయీ సైమండ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ చూపించాడు, అప్పటికి బొంబాయి ప్లేగు మొదలై రెండేళ్లు. ఆయన మాట చాలాకాలం ఎవరూ నమ్మలేదు. ఊళ్లో జనానికి మాత్రం ఫ్లీ సంగతి తెలియకపోయినా ఎలుకలు రాలడం మొదలైతే ఇల్లు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకోవాలని తెలుసు.

కాబట్టి రక్తంలో బ్యాక్టీరియా ఉందా అన్నది ఒక్కటే అడిగితే ఉపయోగం లేదు. అది కొద్దిగా చాలాకాలం ఉండే రకమా, విపరీతంగా కొద్దికాలం ఉండే రకమా అని అడగాలి. మీరు చదివిన ‘చాలావాటిలో దొరుకుతుంది’ అన్న లెక్క మొదటి రకానిది. రెండో రకానిది పరీక్షలో అంత తేలిగ్గా దొరకదు, ఎందుకంటే మీరు బోను పెట్టేసరికి ఆ ఎలుక చచ్చి ఉంటుంది.

కీల్డర్‌లోంచి వచ్చిన పనుల్లో నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించేది 2010లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఏళ్ల తరబడి గుర్తుపెట్టి వదిలిన వోల్స్ రక్తంలో నాలుగింటిని కలిపి చూశారు: కౌపాక్స్ వైరస్, బార్టొనెల్లా, తెల్ల కణాల్లో ఉండే అనాప్లాస్మా అనే మరో బ్యాక్టీరియా, బేబీసియా. బేబీసియా బ్యాక్టీరియా కాదు, మలేరియా క్రిమి తరహాలో ఎర్ర కణాల్లో ఉండే పరాన్నజీవి. తేలిందేమిటంటే, ఒకటి ఉంటే రెండోది సోకే అవకాశం మారిపోతుంది. కౌపాక్స్ తగిలిన వోల్‌కి మిగతావి తగిలే ప్రమాదం పెరుగుతుంది. బేబీసియా పాతుకుపోయిన వోల్‌కి బార్టొనెల్లా సోకడం తగ్గుతుంది, ఇద్దరికీ ఎర్ర కణాలే కావాలి కాబట్టి జాగా దొరకదేమో. ఈ ప్రభావాలు వయసు, సీజన్ లాంటి మనం మామూలుగా చూసే కారణాల కంటే ఎక్కువ బలంగా ఉన్నాయి.

ఇది ఒక్కసారి వెళ్లి వంద ఎలుకల్ని పట్టి శాతం రాసుకుని వచ్చేస్తే తెలిసేది కాదు. ఒకే జంతువుని మళ్లీ మళ్లీ చూడాలి, ఏది ముందొచ్చింది, ఏది తర్వాతొచ్చింది అని. ఒక జాతి బార్టొనెల్లా పోయి ఇంకో జాతి రావడం కూడా అలాగే బయటపడుతుంది, ఒక్కసారి చూస్తే రెండింటికీ ‘పాజిటివ్’ అనే రాస్తారు. మన దగ్గర ఎలుకల మీద వచ్చే చాలా పేపర్లు ఒక్కసారి పట్టి చంపి శాతం లెక్కకట్టేవే, నిధులు అంతవరకే వస్తాయి, వాళ్లని అనడానికి లేదు, కానీ ఆ శాతం పట్టుకుని వార్తల్లో ‘ఎలుకల్లో ప్రమాదకర బ్యాక్టీరియా’ అని హెడ్డింగ్ పెడితే మాత్రం నాకు చిరాకు.

ఇంకో విషయం, జాతి పేరు ఒకటే అయినంత మాత్రాన మన జోలికి వస్తుందని కాదు. అనాప్లాస్మానే తీసుకోండి. బ్రిటన్‌లో జింకల్లో తిరిగే రకం వేరు, వోల్స్‌లో తిరిగే రకం వేరు అని 2009లో తేల్చారు. వోల్స్ రకాన్ని మోసేది వాటి కలుగుల్లోనే ఉండే పిడుదు, అది పైకొచ్చి మనిషినో గొర్రెనో పట్టుకోవడం అరుదు. ఒకే గడ్డిలో రెండు వలయాలు పక్కపక్కనే తిరుగుతుంటాయి, ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి రాదు. బయటినుంచి చూస్తే రెండూ ఒకే బ్యాక్టీరియా.

సరే, మీ ఇంటికి వద్దాం.

బార్టొనెల్లాలో మనిషికి వచ్చేవి ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికుల్ని పట్టి పీడించిన ట్రెంచ్ ఫీవర్ ఒకటి, అది బట్టల్లో ఉండే చీరపేలతో వస్తుంది, ఎలుకతో కాదు. ఎలుకల్లో ఉండే బార్టొనెల్లా ఎలిజబెతే అనే జాతిని మొదట కనిపెట్టింది అమెరికాలో గుండె కవాటాల ఇన్ఫెక్షన్ ఉన్న ఒక రోగిలో, 1993లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు, అది ఎలుకల నుంచి వచ్చేదని తర్వాత తెలిసింది. కానీ ఇలాంటివి అరుదు. ఒక్క చోట మాత్రం పనికొచ్చే సంగతి: ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి, ఆస్పత్రిలో మామూలుగా పెట్టే అయిదు రోజుల బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షలో, దొరకకపోవచ్చు. గుండె కవాటం సమస్య ఉన్నవాళ్లకి జ్వరం తగ్గకుండా, కల్చర్లన్నీ నెగటివ్ వస్తుంటే ఎలుకలు, పిల్లులు, ఫ్లీల సంగతి డాక్టర్‌కి చెప్పండి, వాళ్లంతట వాళ్లు అడగకపోవచ్చు.

మన ఆంధ్ర, తెలంగాణల్లో పొలం పక్కన ఉండేవాళ్లు నిజంగా పట్టించుకోవలసినవి రెండు. ఒకటి లెప్టోస్పైరోసిస్, ఇది ఎలుక మూత్రపిండాల్లో ఉండి మూత్రంలో వస్తుంది, మడి నీళ్లలో, వరద నీళ్లలో కాళ్ల పగుళ్లలోంచి దూరుతుంది. దీనికి ఫ్లీ అక్కర్లేదు. రెండోది స్క్రబ్ టైఫస్, దీన్ని మోసేది చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు పిల్ల, ఆ పురుగు తన గుడ్ల ద్వారానే పిల్లలకి బ్యాక్టీరియాని అందిస్తుంది, ఎలుక దానికి భోజనం పెట్టే చోటు మాత్రమే. చిగ్గర్ కుట్టిన చోట చంకలోనో, గజ్జల్లోనో, నడుం దగ్గరో నల్లటి చెక్కు కట్టిన పుండు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు. వానాకాలం, చలికాలం మొదట్లో అయిదారు రోజులు దాటిన జ్వరం, విపరీతమైన తలనొప్పి ఉంటే ఒళ్లంతా వెతకాలి. స్క్రబ్ టైఫస్‌కి డాక్సీసైక్లిన్ లాంటి చవక మందు సరిపోతుంది, తొందరగా మొదలుపెడితేనే. మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోకండి, డాక్టర్‌కి ‘పొలం, ఎలుకలు, గడ్డి’ అని చెప్పండి చాలు, వాళ్లకి అర్థమవుతుంది.

ప్లేగు మన పక్కన లేదా అంటే, కోలార్ చుట్టుపక్కల ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే ప్రాంతం పాత ప్లేగు స్థావరం. అక్కడి ఎలుకల మీద కేంద్ర ప్రభుత్వ సంస్థ నిఘా ఇప్పటికీ ఉంటుంది. మీరు దాని కోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కాకపోతే ఏ ఊళ్లో అయినా ఎలుకలు ఒక్కసారిగా గుంపులుగా చచ్చి పడితే, ఊళ్లో ఎవరూ మందు పెట్టలేదని తేలితే, చేత్తో తీయొద్దు, చీపురుతో ఊడ్వొద్దు, ప్రైమరీ హెల్త్ సెంటర్‌కి చెప్పండి.

నాకు మీ ఇంటి ఎలుకల కంటే బెంగ కలిగించేది డెల్టాలో వరి చేలల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్ల గురించి. కీల్డర్‌లో మాకు పనిలోకి దించే ముందు ఏ జబ్బు ఎలా వస్తుందో, కరిస్తే ఏం చేయాలో, జ్వరమొస్తే ఏ కాగితం డాక్టర్‌కి చూపించాలో అన్నీ చెప్పారు. ఇక్కడ ఆ మనిషి బురదలో ఒట్టి కాళ్లతో దిగి ఒట్టి చేతుల్తో ఎలుకని తీస్తాడు, మేం సీజన్ మొత్తంలో ముట్టుకున్న వోల్స్ కంటే ఎక్కువ ఎలుకల్ని ముట్టుకుంటాడు, అతనికి జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని మళ్లీ చేలోకి వెళ్తాడు. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే రైతులు కలిసి ఒక జత గమ్ బూట్లు, మందపాటి గ్లోవ్స్ కొనిపెట్టండి, ఎలుకలు తినే ధాన్యం విలువ ముందు అదేమంత ఖర్చు కాదు. ఎలుక కరిస్తే వెంటనే సబ్బుతో బాగా కడిగి ఆస్పత్రికి వెళ్లాలి, ఎలుక కాటు జ్వరం అని వేరే ఒకటి ఉంది, దానికీ మందు ఉంది.

ఇక పిల్లి పిల్ల. మీరు అడిగిన అన్నింట్లోకీ రక్తంలో బ్యాక్టీరియా మీ దాకా వచ్చే దగ్గరి దారి ఇదే. పిల్లుల్లో ఉండేది బార్టొనెల్లా హెన్‌సెలే, ఏడాది లోపు పిల్లల్లో ఎక్కువ, పిల్లి ఫ్లీ దాన్ని మోస్తుంది, ఫ్లీ రెట్ట అంటిన గోరుతో గీకితే మనిషికి గీరిన వైపు చంకలోనో మెడలోనో గ్రంథి వాస్తుంది, కాస్త జ్వరం ఉండొచ్చు. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. ఇంట్లో కీమో తీసుకుంటున్నవాళ్లో, అవయవ మార్పిడి అయినవాళ్లో ఉంటే మాత్రం పిల్లి పిల్లతో ఆటలు వద్దు. పిల్లిని వదిలేయక్కర్లేదు, దాని ఒంటి మీద ఫ్లీలు లేకుండా చూసుకుంటే చాలు. వెటర్నరీ డాక్టర్ దగ్గర మెడ మీద వేసే చుక్కల మందు దొరుకుతుంది, బరువు చెప్పి తీసుకోండి. మెడికల్ షాపులో కుక్కలకిచ్చే పెర్మెత్రిన్ మందు మాత్రం పిల్లికి వేయొద్దు, అది పిల్లులకి విషం.